లేదయ్య ఐస్ టీ

ఆదివారం ఉదయం ఏడున్నరకి లేదయ్య వంటింట్లో అడుగుపెట్టాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన అక్కడికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి గ్యాసు వాసన వస్తోందని వచ్చాడు. రెండోసారి గ్యాసే రావడం లేదని వచ్చాడు. ఈసారి ప్రమోషన్ కోసం వచ్చాడు.

లేదయ్య అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసు పెట్టింది. నగర నీటి పరీక్షల శాఖలో ఆయన ఇన్‌స్పెక్టరు. మూడు నెలలకోసారి ప్రతి భవనానికీ వెళ్లి, కుళాయి నీళ్లు సీసాలో పట్టి, పరీక్ష చేసి ఫారం నింపాలి. ఫారంలో మూడు గడులు ఉంటాయి. రంగు, వాసన, రుచి. ఇరవై ఏళ్లుగా ఆయన ఆ మూడింట్లోనూ ఒకటే మాట రాస్తున్నాడు. లేదు, లేదు, లేదు. ముత్యాల్లాంటి చేతిరాత కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. సీసాలు ఎక్కడ నింపేవాడన్నది ఆయనకూ, ఆఫీసు వెనకాల కుళాయికీ మాత్రమే తెలిసిన రహస్యం. "నీళ్లన్నీ ఒక్క చెరువులోంచి వచ్చేవేగా, ఏ కుళాయి దగ్గర పడితే ఏం?" అన్నది ఆయన సిద్ధాంతం. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేయడం ఆ సిద్ధాంతానికి పునాది.

ఇప్పుడు శాఖలో ప్రధాన పరీక్షకుడి కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఇక లేవనక్కర్లేదు. మెట్లు లేవు, సీసాలు లేవు. కింది వాళ్లు తెచ్చిన ఫారాల మీద సంతకం పెడితే చాలు. లేదయ్య దాని కోసం ఆరేళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఎవరిని కూర్చోబెట్టాలన్నది పెద్దసారు చేతిలో ఉంది. ఆయనకో పట్టింపు. ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలన్నా ముందు వాళ్లింటికెళ్లి ఏదో ఒకటి తాగి వస్తారు. "ఇల్లు చూస్తే మనిషి తెలుస్తాడు, గ్లాసు చూస్తే ఇల్లు తెలుస్తుంది" అంటారు. కిందటిసారి ఒకాయన ప్రమోషను గ్లాసు అడుగున కనిపించిన ఒక్క చీమ దగ్గర ఆగిపోయింది.

ఈరోజు సాయంత్రం నాలుగింటికి పెద్దసారు లేదయ్య ఇంటికి వస్తున్నారు. ఆఫీసు అటెండరు చెవిలో ఊదనే ఊదాడు. "సారుకి వేడివి పడవండి. పండ్ల ముక్కలేసిన ఐస్ టీ అంటే ప్రాణం. అదీ ఇంట్లో చేసిందైతే గ్లాసు దించరు."

అందుకే లేదయ్య ఒక పుచ్చకాయ, ఒక టీ పొడి పొట్లం, భార్య పాత పత్రికలోంచి కత్తిరించి దాచిన కాగితం ముందు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇంట్లో అందరూ కాఫీ వాళ్లే. టీ పొడి గడప దాటి రావడం అదే మొదలు.

కాగితంలో బొమ్మ అద్దంలా ఉంది. పొడుగాటి గ్లాసులో మాణిక్యం రంగు టీ, పైన ఐసు ముక్కలు, మధ్యలో పుచ్చకాయ ముక్కలు. నీళ్లు మరిగించాలి, పొడి వేసి పది నిమిషాలు మూత పెట్టాలి, వడగట్టి చక్కెర కలపాలి, చల్లార్చి పండు రసం పోయాలి. అంతవరకూ బాగానే ఉంది. ఆఖరి వాక్యం మాత్రం "చివరిగా, తప్పనిసరిగా ఒక" అని మొదలై కత్తెర గాటు దగ్గర ఆగిపోయింది.

"ఇదిగో! తప్పనిసరిగా ఒక... ఏమిటి?" వంటింట్లోంచే అరిచాడు.

ముందుగదిలో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఆసుపత్రికి పన్నెండు తెల్లకోట్లు సాయంత్రం అయిదింటికల్లా అప్పగించాలి. "కాగితం వెనకవైపు కాలర్ నమూనా ఉందండీ. అది కత్తిరించుకున్నాను."

"మరి ఆ మిగతా మాట?"

"నాకేం గుర్తు! కాలర్ మాత్రం చక్కగా కుదిరింది."

డైనింగు బల్ల దగ్గర కాఫీ తాగుతున్న అత్తగారు తల ఊపింది. "తప్పనిసరిగా ఒక దండం పెట్టుకోమని ఉంటుంది అల్లుడుగారూ. మీరు వంట చేస్తున్నారుగా."

లేదయ్య పట్టించుకోలేదు. కుళాయి తిప్పి గిన్నె నింపాడు. మరిగించాడు. పొడి వేశాడు. గడియారం చూస్తూ సరిగ్గా పది నిమిషాలు నిలబడ్డాడు. మూత తీశాడు.

గిన్నెలో సిరా ఉంది.

మాణిక్యం కాదు, తేనె కాదు, కనీసం కాఫీ కూడా కాదు. కలం ముంచితే సంతకం పెట్టేయొచ్చు. పుచ్చకాయ రసం పోశాడు. ఆ ఎర్రటి రసం నల్లటి నీళ్లలో పడి, ఒక్కసారి మెలితిరిగి, మాయమైంది. పైన బూడిదరంగు తెట్టు కట్టింది.

అత్తగారు వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "కషాయమా? ఎవరికి బాగాలేదు?"

"ఎక్కువ మరిగినట్టుంది" అన్నాడు లేదయ్య. గిన్నె మార్చాడు. రెండో విడత మొదలుపెట్టాడు. ఈసారి అయిదే నిమిషాలు ఉంచాడు. అయిదు నిమిషాల్లోనూ అంతే నల్లగా తయారైంది, సమయం కలిసొచ్చింది, అంతే.

పొట్లంలో ఇక ఒక్కసారికి సరిపడా పొడే మిగిలింది. లేదయ్యకి ఒళ్లు మండింది. నేరస్థుడు ఎవరో ఆయనకి తెలిసిపోయింది. పొట్లం పట్టుకుని నాలుగు అంతస్తులూ దిగి వీధి మొదట్లో ఉన్న దుకాణానికి వెళ్లాడు. అక్కడ ఆరుగురు కొనుగోలుదారులు ఉన్నారు. అంతమంది ఉన్నప్పుడే నిలదీయాలని ఆయనకి బుద్ధి పుట్టింది.

"ఏమయ్యా! టీ పొడిలో ఏం రంగు కలిపి అమ్ముతున్నావ్? నేను నీటి పరీక్షల శాఖ ఇన్‌స్పెక్టర్ని, తెలుసుగా?"

దుకాణదారు పదిహేనేళ్లుగా అదే చోట నిజాయితీగా బతుకుతున్నవాడు. గల్లా పక్కనున్న చిన్న పొయ్యి వెలిగించాడు. తాగడానికి తెప్పించుకునే క్యానులోంచి నీళ్లు వంచాడు. లేదయ్య చేతిలోని పొట్లంలోంచే చెంచాడు పొడి తీసి వేశాడు. అయిదు నిమిషాల తర్వాత గాజుగ్లాసులో పోసి ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. మాణిక్యం. పత్రికలో బొమ్మకి కవల.

ఆరుగురూ లేదయ్య వైపు చూశారు.

"నా పొడిలో ఏమీ కలవలేదు సార్. మీ ఇంట్లో ఏం కలుస్తోందో వెళ్లి చూసుకోండి" అన్నాడు దుకాణదారు. "ఇంకో మాట. ఈరోజు నుంచి మీకు ఉప్పు ఉంది, పప్పు ఉంది, సబ్బు ఉంది. టీ పొడి మాత్రం లేదు."

ఇరవై ఏళ్లుగా లోకానికి లేదు అని చెప్పిన మనిషి ఆ మాట మొదటిసారి వినడం అదే. తల దించుకుని మెట్లెక్కాడు. ఒక్కో మెట్టు దగ్గరా దుకాణదారు మాట చెవిలో మోగింది. మీ ఇంట్లో ఏం కలుస్తోందో చూసుకోండి. మీ ఇంట్లో. ఏం. కలుస్తోందో.

వంటింటి గడప దగ్గర ఆయన కాలు ఆగిపోయింది. పొయ్యి పక్కన ఒక చిన్న గిన్నె ఉంది. గిన్నెలో చిక్కటి నల్లటి ముద్ద ఉంది. ముద్దలో ఒక చెంచా గుచ్చి ఉంది. ఉదయం చక్కెర కలిపిన చెంచా లాంటిదే.

అత్తగారు ఆదివారం ఆదివారం జుట్టుకి రంగు వేసుకుంటుంది. చేతి అద్దం ముందు సగం తల పూర్తిచేసి, రెండో సగం కోసం గిన్నె తీసుకోవడానికి వచ్చింది. ఎడమవైపు నల్లగా నిగనిగలాడుతోంది. కుడివైపు వెండిలా ఉంది.

"అత్తయ్యగారూ, చిన్న సందేహం" అన్నాడు లేదయ్య, డిటెక్టివు గొంతు పెట్టి. "మీ రంగు కలిపిన చెంచా, నా టీ కలిపిన చెంచా, రెండూ ఒకటేనా?"

"అంటే? మీ టీలో నేను రంగు కలిపానంటారా?"

"కావాలని కలిపారనడం లేదు..."

"ఈరోజు రంగంటారు, రేపు విషమంటారు!"

"విషం అన్న మాట నేనన్నానా? మీరన్నారు."

"అమ్మాయ్! విన్నావా? నేను టీలో విషం కలిపానట!"

భార్య నోట్లో ఆరు గుండుసూదులు ఉన్నాయి. కోటు చేతికి అంచు పెడుతోంది. "ఊఁ" అంది.

ఆ ఊఁ కి అర్థం 'ఇప్పుడు కాదు' అని. లేదయ్యకి 'మీరన్నదే నిజం' అని వినపడింది. అత్తగారికీ అదే వినపడింది. ఆ ఇంట్లో అల్లుడూ అత్తా ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం అదే ప్రథమం, దాంతో కొంప మునిగింది.

"కన్న కూతురే ఊఁ అందంటే ఇంకేముంది! తెల్లనివన్నీ పాలనుకున్నాను, నల్లనివన్నీ నీళ్లనుకున్నాను. బుద్ధొచ్చింది!" అంటూ అత్తగారు పావుగంటలో పెట్టె సర్దేసింది. సాయంత్రం దాకా ఊరికి బస్సు లేదు. బయట గుమ్మం పక్కన మెట్ల మీద పెట్టె వేసుకుని, సగం తెలుపు, సగం నలుపు తలతో కూర్చుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆగి చూడకుండా ఉండటం ఎవరి తరమూ కాలేదు.

అందరికంటే ముందు ఆగినవారు గార్డుగారు. ముప్ఫై ఏళ్లు రైలు గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి, భవనం అసోసియేషనుకి కార్యదర్శి. ఉద్యోగం వదిలినా మెడలో ఈల వదల్లేదు. రైలు కూతలు వినీ వినీ చెవులు కాస్త మందగించాయి. కుళాయి నీళ్లు పచ్చగా వస్తున్నాయని ఆర్నెల్లలో ఏడు ఉత్తరాలు నీటి శాఖకి రాశారు. ఏడింటికీ 'రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు' అనే జవాబు వచ్చింది. ఆ ఫైలు ఆయన చంకలోంచి దిగదు.

"ఏమైందమ్మా, బయట కూర్చున్నారు?"

"ఏం చెప్పమంటారు అన్నయ్యగారూ! ఈ టీలో విషమట!"

గార్డుగారి కళ్లు పెద్దవయ్యాయి. "నీటిలో విషమా?"

"ఆఁ, టీలో! మా అల్లుడే అన్నాడు. స్వయంగా!"

"మీ అల్లుడే! నీటి శాఖ ఆయనే! స్వయంగా!"

అంతే. ఈల మోగింది. ఇరవై మూడు ఫ్లాట్లలో తలుపులు తెరుచుకున్నాయి, కుళాయిలు మూతపడ్డాయి. మధ్యాహ్నం రెండింటికల్లా ఒక్క వంటింట్లో కూడా గిన్నె కడగలేదు. ఎవరికి వారు తమ కుళాయి నీళ్లు ఒక్కో సీసాలో పట్టి పెట్టుకున్నారు. సాయంత్రం నీటి శాఖ పెద్దసారే వస్తున్నారని గార్డుగారు ఎక్కడో విన్నారు. ఇలాంటివి మాత్రం ఆయన చెవులకి చక్కగా వినపడతాయి.

లోపల లేదయ్యకి ఇవేవీ తెలియవు. అత్తగారి రంగు గిన్నె బయట పారేసి, చెంచాలన్నీ తోమి, కొత్త గాజు పాత్ర తీసి, మిగిలిన పొడినంతా వేసి మూడో విడత కాచాడు. మూత తీసే ముందు కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

నలుపు.

ఆయన వంటింటి గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు. పొడి అయిపోయింది. దుకాణం మూసుకుపోయింది, తెరిచే ఉన్నా తనకి మూసుకుపోయింది. భార్య మాట్లాడదు, నోట్లో సూదులు. అత్తగారు మాట్లాడుతుంది, మెట్ల మీద. ఆరేళ్ల ఆశ గాజు పాత్రలో నల్లగా చల్లారుతోంది. అంతకు ముందు ఏ ఫైలు పోయినా, ఏ మంత్రి తిట్టినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మనిషి, ఒక గిన్నెడు టీ దగ్గర నీరుగారిపోయాడు.

కానీ మునిగేవాడికి గడ్డిపోచ దొరికింది. ఫ్రిజ్‌లో భార్య తెచ్చిన నల్లద్రాక్ష గుత్తి ఉంది.

'నల్లద్రాక్ష ఐస్ టీ!' అనుకున్నాడు. నల్లద్రాక్ష టీ నల్లగా ఉండక తెల్లగా ఉంటుందా? పన్నెండు పళ్లు కడిగి అందులో వేశాడు. పాత్రని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూశాడు. ఆ తలుపు మీద అయస్కాంతంతో అంటించిన కాగితం ఒకటి ఉంది. ఈ భవనం నీటి రిపోర్టు నకలు. ఆర్నెల్లుగా భార్య, "ఏమండీ, ఈ నీళ్లలో ఉతికితే తెల్లబట్ట పచ్చబడుతోంది" అని ఎప్పుడన్నా ఆయన మాట్లాడేవాడు కాదు. వేలెత్తి ఫ్రిజ్ వైపు చూపించేవాడు. ఆమె కూడా వాదించడం మానేసింది. మరకలు పోవడానికి మిషను పక్కన ఎప్పుడూ కోసిన నిమ్మచెక్క ఒకటి ఉంచుకునేది.

నాలుగింటికి పెద్దసారు మెట్లెక్కారు. ప్రతి అంతస్తులోనూ జనం గోడలకి ఆనుకుని, చేతిలో ఒక్కో సీసా పట్టుకుని, గంభీరంగా నిలబడి ఉన్నారు. ఆయన ఇరవై ఏళ్లు ప్రయోగశాలలో పనిచేసిన మనిషి. సీసాలు చూస్తే ఆయనకి పండగే. అందరికీ తల పంకిస్తూ పైకొచ్చారు.

"ఏమయ్యా, మన శాఖ అంటే మీ భవనంలో ఇంత గౌరవమా!"

"అంతా మీ దయ సార్" అన్నాడు లేదయ్య, ఏమీ అర్థం కాక.

వెనకాలే వస్తున్న గుంపుని గార్డుగారు గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. "ఆగండి. బండి పూర్తిగా ఆగాకే దిగాలి. ఆయన్ని ఒక గుక్క తాగనివ్వండి."

అత్తగారు కూడా లేచి పెట్టెతో లోపలికి వచ్చింది. ఇంటికి పెద్దమనిషి వచ్చినప్పుడు అలిగి మెట్ల మీద కూర్చునే పెంపకం కాదు ఆమెది. పెట్టెని ముందుగది మధ్యలో దించి, నల్లటి వైపు అతిథికి కనపడేలా తిరిగి కూర్చుంది.

లేదయ్య ట్రేలో నాలుగు గ్లాసులతో బయల్దేరాడు. చూపంతా పెద్దసారు మొహం మీదే ఉంది. కాలు మాత్రం అత్తగారి పెట్టె మీద పడింది.

మూడు గ్లాసులు నిలబడ్డాయి. నాలుగోది గాల్లో ఒక చుట్టు చుట్టి, అప్పుడే గుండీలు కుట్టడం పూర్తయిన పన్నెండో తెల్లకోటు మీద వాలింది. గుండె భాగాన అరచేయంత నల్లమచ్చ పరుచుకుంది.

భార్య నోట్లోంచి ఆరు సూదులూ తీసి దిండుకి గుచ్చింది. "ఏమండీ" అంది. లేదయ్యకి అది చాలు.

"ఊరుకోవే, నేనున్నాగా!" అంటూ అత్తగారు అలక మరిచిపోయి లేచింది. మిషను పక్కన నిమ్మచెక్క తీసుకుని మచ్చ మీద రుద్దింది. ఒక్క రుద్దుకి నలుపు బూడిదైంది. రెండో రుద్దుకి బూడిద లేత పసుపైంది. మూడో రుద్దుకి మచ్చ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

లేదయ్య ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దసారు మాత్రం ఊపిరి బిగబట్టారు. ట్రేలోంచి అందుకున్న గ్లాసు పెదవి దాకా వెళ్లి ఆగింది.

"ఇది ఏం టీ అన్నావయ్యా?"

"నల్లద్రాక్ష సార్. ఇంట్లోనే చేశాను."

"ద్రాక్ష మరకకి నిమ్మకాయ తగిలితే ఎర్రబడాలి. ఇదేమిటి, పారిపోతోంది?"

ఆయన చెయ్యి చాపారు. అత్తగారు నిమ్మచెక్క ఇచ్చింది. గ్లాసులో పిండారు. అందరూ చూస్తుండగా నల్లటి టీ పైనుంచి కిందికి విచ్చుకుంటూ తేనెరంగులోకి మారిపోయింది. పన్నెండింటిలో మూడు ద్రాక్షపళ్లు ఏ పాపమూ ఎరగనట్టు అడుగున కూర్చున్నాయి.

గుమ్మం దగ్గర జనం "ఆఁ" అన్నారు.

"టీకి నీళ్లలో ఇనుము తగిలితే సిరా అవుతుంది" అన్నారు పెద్దసారు నెమ్మదిగా, పాఠం చెబుతున్నట్టు. "నిమ్మరసం పడితే విరుగుతుంది. భూమిలో గొట్టం తుప్పుపట్టి పుండైపోతేగాని నీళ్లలోకి ఇంత ఇనుము రాదు. ఆర్నెల్ల నుంచైనా ఉండి ఉండాలి. మరి ఈ భవనం నీళ్లు బాగున్నాయని రిపోర్టు ఇచ్చిందెవరు?"

లేదయ్య నీళ్లు నమిలాడు. ఆ ఇంట్లో నమలడానికి నీళ్లకి కొదవ లేదు, అవీ ఇనుముతో సహా.

భార్య వేలెత్తి ఫ్రిజ్ వైపు చూపించింది.

పెద్దసారు లేచి వెళ్లి కాగితం పీకారు. పైకి చదివారు. "రంగు లేదు. వాసన లేదు. రుచి లేదు. పరీక్షించినవారు..." అని ఆగి లేదయ్య వైపు చూశారు. లేదయ్య కళ్ల ముందు ఖాళీ కుర్చీ వచ్చింది. అది వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లి, గోడలోంచి దూరి మాయమైంది. ఉన్న ఇన్‌స్పెక్టరు స్టూలు కూడా దాని వెనకాలే బయల్దేరింది.

"ఈ సీసా నువ్వు ఏ కుళాయి దగ్గర పట్టావ్?"

"సార్... నీళ్లన్నీ ఒక్క చెరువులోంచి..."

"ఛీ! చూసి రాయాల్సిన మనిషివి, చూడకుండా సంతకం పెడతావా? నీలాంటివాడు శాఖలో ఒక్కరోజు కూడా..."

"ఉండండి బాబూ" అంటూ అత్తగారు కళ్లజోడు తగిలించుకుని కాగితం అందుకుంది. అల్లుణ్ణి తిట్టే హక్కు తన ఒక్కదానిదే అని ఆమె నమ్మకం. "కింద ఇంకో సంతకం కూడా ఉందే. 'స్వయంగా సరిచూసినవారు' అట. ఇదెవరిదండీ? కోడి కెలికినట్టుంది."



"గట్టిగా చదవండమ్మా!" అన్నారు గుమ్మం దగ్గర్నుంచి గార్డుగారు. "ఇక్కడికి వినపడటం లేదు. ఎవరు సరిచూశారట?"

పెద్దసారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. ఇరవై మూడు ఫ్లాట్ల జనం, ఇరవై మూడు సీసాలు, ఒక ఫైలు, ఒక ఈల ఆయనవైపే చూస్తున్నాయి. చెయ్యడానికి ఇంకేమీ తోచక చేతిలో ఉన్న ఐస్ టీ గటగటా తాగేశారు. గ్లాసు దించారు. మూతి తుడుచుకున్నారు. ఆయన ఊరికే పెద్దసారు కాలేదు.

"మిత్రులారా!" అన్నారు జనం వైపు తిరిగి. "మీ ఫిర్యాదుల మీద మా శాఖ నిద్రపోలేదు. మామూలు పరీక్షలకి దొరకని లోపాన్ని పట్టుకోవడానికి ఈ ఇన్‌స్పెక్టరు సెలవురోజున, సొంత వంటింట్లో, పొద్దుటినుంచి ప్రత్యేక పరీక్ష నడుపుతున్నారు. ఫలితం మీ కళ్లముందే చూశారు. రేపటినుంచే గొట్టం తవ్వి మారుస్తాం."

చప్పట్లు మోగాయి. గార్డుగారు ఈల వేశారు. లేదయ్యకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి పెద్దసారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు. ఆ వేళ్లు ఎముక దాకా దిగుతున్నాయి.

"ఈ కొత్త పద్ధతి కనిపెట్టిన ఈయన్నే ప్రధాన పరీక్షకుడిగా వేస్తున్నాను" అన్నారు. లేదయ్య గుండె పూర్తిగా పొంగకముందే మిగతాది కూడా చెప్పారు. "కూర్చునే ఉద్యోగం కాదు. ఈ పద్ధతి ఈయనకే తెలుసు కాబట్టి నగరంలో ప్రతి భవనానికీ, ప్రతి అంతస్తుకీ ఈయనే స్వయంగా ఎక్కి, ఆ కుళాయి నీళ్లతోనే, ఆ ఇంట్లోనే టీ కాచి చూడాలి. మొత్తం పదకొండువందల నలభై భవనాలు. నేనూ ఇకనుంచి ప్రతి ఫారమూ స్వయంగా సరిచూస్తాను."

ఆఖరి మాట అంటున్నప్పుడు ఆయన అత్తగారి వైపు చూడలేదు.

అందరూ వెళ్లాక లేదయ్య మోకాళ్లు పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు. అత్తగారు పెట్టె తీసుకుని లోపలికి వెళ్లింది. మిగతా సగం తలకి రంగు లేదు, అల్లుడు పారేశాడు. అది సంపాదించి పెట్టేదాకా ఊరెళ్లే ప్రసక్తి లేదని తేల్చి చెప్పింది. భార్య కోట్లు మడతపెట్టి, నమూనా కాగితాల డబ్బా సర్దుతూ ఒక చిన్న కాగితం తీసింది. కాలర్ ఆకారంలో ఉంది. వెనక్కి తిప్పింది.

"ఏమండీ, దొరికింది. 'నిమ్మకాయ పిండాలి' అట."

లేదయ్య ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. పొద్దున్న ఒక్క నిమ్మకాయ. ఒకే ఒక్కటి. టీ తేనెరంగులో ఉండేది, పెద్దసారు గ్లాసు దించేవారు కాదు, ఆ రిపోర్టు ఫ్రిజ్ మీదే ఉండేది, తను జీవితాంతం కుర్చీలోంచి లేచేవాడు కాదు.

"ఆ కాలర్ బాగా కుదిరిందన్నావు కదూ?" అన్నాడు.

"చాలా బాగా."

సోమవారం పొద్దున్నే కొత్త ఫారాలు వచ్చాయి. ఇప్పుడు నాలుగు గడులు ఉన్నాయి. రంగు, వాసన, రుచి, టీ. మొదటి పరీక్ష తన ఇంటి నుంచే మొదలుపెట్టాలని ఆదేశం. లేదయ్య కుళాయి తిప్పాడు. గ్లాసు వెలుగుకి ఎత్తి చూశాడు. వాసన చూశాడు. కళ్లు మూసుకుని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. మొహం చిట్లించి మొదటి మూడు గడుల్లో 'ఉంది, ఉంది, ఉంది' అని రాశాడు. నాలుగో గడి కోసం టీ పొడి పొట్లం విప్పాడు. అడుగు కనిపించింది. దుకాణదారు మాట గుర్తొచ్చింది. గడిలో 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆయన స్వయంగా చూసి రాసిన మొదటి లేదు అది.